మ్యూచువల్ బదిలీ

"మ్యూచువల్ దొరికింది," అన్నాడు మా ఆయన దేవసహాయం, మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుకుంటూ.

నేను జొన్నరొట్టెలకు పిండి పిసుకుతున్నాను. శనివారం సాయంత్రం ఆళ్లగడ్డలో బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా వచ్చి నంద్యాలలో దిగి, ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని పొయ్యి ముందు కూర్చోవడం నాకు అలవాటు. వారమంతా మా అత్త సువార్తమ్మ వండుతుంది కాబట్టి శని, ఆదివారాలు ఆమె చేతులకు సెలవు. నా చేతులకు ఏ వారమూ సెలవు రాదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మొదట్లో నాకూ తట్టలేదు. పిండి వేడి మీద పిసకకపోతే రొట్టె అంచులు పగులుతాయి. పగిలిన రొట్టెను మా అత్త దీపం వైపు ఎత్తి చూపించి, ఇది టీచరమ్మ చేసిన రొట్టె అనేది. అంతకు మించి ఒక్క మాట అనేది కాదు.

ఎవరితో అని అడిగాను.

"ఈడ గర్ల్స్ హైస్కూల్లో ఉండే ఆమె. నీ సబ్జెక్టే. వాళ్లాయన శెట్టి, నాకు తెలిసినోడు. వాళ్లకు ఆళ్లగడ్డ కావాల, మనకు నంద్యాల కావాల. ఇంగేం కావాల?"

మ్యూచువల్ అంటే ఏమిటో టీచర్లకు చెప్పనక్కర్లేదు. ఒకే హోదాలో ఉన్న ఇద్దరు, ఒకరి ఊరు మరొకరికి కావలసి వచ్చినప్పుడు, మేమిద్దరం ఒప్పుకుంటున్నామని సంతకాలు చేసి కర్నూలులో జిల్లా ఆఫీసుకు పంపుకుంటారు. ఖాళీలతో పని లేదు, సిఫారసులతో పని లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. ఆ ఒప్పుకోవడం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు ఉండేవాళ్లు. నేనూ వాళ్లలో ఒకదాన్ని.

నా బిడ్డ సలోమి నంద్యాలలో మా అత్త దగ్గర పెరుగుతోంది. నాకు ఆళ్లగడ్డలో ఉద్యోగం వచ్చేనాటికి అది ఇంకా పాలు తాగుతోంది. ఆళ్లగడ్డలో గది తీసుకుని బిడ్డను నాతోనే ఉంచుకుంటానన్నాను. పాలు మాన్పించు, నేను సాకుతా, ఒక్కదానివి బిడ్డను చూసుకుంటావా బడికి పోతావా అంది మా అత్త. మా చర్చి పెద్ద ఒకాయన, తల్లీబిడ్డలు చెరొక ఊళ్లో ఉండటం బాగుందా అని మా ఆయన్ను అడిగాడు. మా ఆయన నవ్వి, "మా ఇద్దరికీ మ్యూచువల్ అండర్‌స్టాండింగ్ ఉందయ్యా" అన్నాడు. ఆయన వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గుమాస్తా. ఇంగ్లీషు మాట ఒకటి దొరికితే దాన్ని ఇస్త్రీ చొక్కాలాగా నలుగురిలోనే తొడుగుతాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చి ఉంది. అర్థం చేసుకోవలసిన పని మొత్తం నా ఒక్కదాని వంతుకే వచ్చిందని ఆ పెద్దాయనకు చెప్పాలనిపించింది. ఇప్పుడు సలోమికి నాలుగో ఏడు నడుస్తోంది. వాళ్ల అవ్వను అమ్మా అని పిలుస్తుంది. నన్ను ఆళ్లగడ్డమ్మా అంటుంది. ఊరి పేరుతో కలిపి. మేనత్తలను, దూరపు చుట్టాలను పిలిచినట్టు.

అందుకే మ్యూచువల్ దొరికిందని మా ఆయన అనగానే నా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. దేవుడికి మనసులో దండం పెట్టుకున్నాను. రొట్టె కాలుతుండగా మిగతా సంగతి బయటికి వచ్చింది. అది ఎరువులకు కరువొచ్చిన ఏడు. బండి ఆత్మకూరు దగ్గర మా మామ ఇచ్చిపోయిన పొలాన్ని మా మరిది యోబు సేద్యం చేస్తున్నాడు. వరి ఎర్రబారుతోంది, యూరియా ఎక్కడా పుట్టడం లేదు. శెట్టి గోడౌన్లో ఉంది. మ్యూచువల్ అయితే బస్తాలు ఇంటికే వస్తాయి. ఆ మాట నాతో చెప్పేసరికి మా ఆయన ఆ శెట్టికి ఊ కొట్టి నాలుగు రోజులయింది. నన్ను అడగడం మరిచిపోయాడనలేను. అడగవలసింది ఒకటుందని ఆయనకు అనిపించలేదు.

ఆ సోమవారం తొమ్మిదో తరగతిలో 'ఈచ్ అదర్' పాఠం చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లీషులో కొన్ని మాటలకు ఒక్క మనిషి చాలడని చెప్పాను. ఈచ్ అదర్, మ్యూచువల్, ఎక్స్‌ఛేంజ్, షేర్. వాటికి ఇద్దరు కావాలి, ఇద్దరి వైపు నుంచీ నిజం కావాలి. మాట సరిగా వాడామో లేదో తెలియకపోతే వాక్యాన్ని తిప్పి చదవండి అన్నాను. యోహాను, ఏసయ్య ఒకరికొకరు సాయం చేసుకున్నారు. అంటే యోహాను ఏసయ్యకు చేశాడు, ఏసయ్య యోహానుకు చేశాడు. సరిపోయింది. ఆడపిల్లలు గబగబా రాసుకున్నారు. సాయంత్రం గదికి వచ్చి ఒక్కదాన్నే అన్నం వండుకుంటుంటే ఆ తిప్పడం నా తలలోనే మొదలయింది. నేను ఆయన బట్టలు ఉతుకుతాను. నేను వాళ్లమ్మ కాళ్లు నొక్కుతాను. నా జీతం నేను ఆయన చేతికి ఇస్తాను. ఆయన నా సంతకాన్ని ఇంకొకరికి ఇస్తానని మాట ఇస్తాడు. ఒక్క వాక్యమూ తిరగలేదు. తిప్పితే నవ్వొచ్చేవి కొన్ని, భయమేసేవి కొన్ని. అయినా నాకు ఆ బదిలీ కావాలి. ఎవరు ఎవరికి యూరియా ఇచ్చుకుంటే నాకేం, పొద్దున లేచి నా బిడ్డకు నేను తల దువ్వాలి, అనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన నన్ను రైసు మిల్లుల పక్కన ఉన్న శెట్టి ఇంటికి తీసుకుపోయాడు. ఆయన పేరు మాధవయ్య. సన్నగా, తెల్లగా, మెల్లగా మాట్లాడే మనిషి. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు, లోపలికి రమ్మనలేదు. మేం ఎవరమో వాళ్లకు తెలుసు, కాఫీ మాలాంటివాళ్లకని విడిగా ఉంచిన గాజు గ్లాసుల్లో వచ్చింది. తెచ్చిన ఆమే లక్ష్మీకాంతమ్మ. నాతో ఊరు మార్చుకోవలసిన టీచరు. నాకంటే చిన్నది, ముప్పై కూడా ఉండవు. కాఫీ ఇచ్చి గుమ్మం వెనక్కి పోయి నిలబడింది. బదిలీ కావలసింది మా ఇద్దరికి. మాట్లాడుకున్నది వాళ్లిద్దరు. మ్యూచువల్ అన్న మాట ఆ వరండాలో ఎన్నిసార్లు అటూ ఇటూ పోయిందో చెప్పలేను. ఒక్కసారీ గుమ్మం దాటలేదు.

"మా అన్న ఒక్కడూ అంగడి చూసుకోలేక పోతాండాడు టీచరమ్మా," అన్నాడు మాధవయ్య నా వైపు చూడకుండా. "ఇంగ నంద్యాల చాలించుకొని మేము ఊరికే పోతాము. భాస్కరయ్య అంగడి అంటే మీకు తెలిసే ఉంటాది. ఆళ్లగడ్డలో, ఎరువులు, పురుగుమందులు."

తెలుసు. ఒక ఏడాదిపాటు సాయంత్రాలు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని భాస్కరయ్య కూతురికి ఇంగ్లీషు చెప్పాను. ఆ ఇంట్లో ఒక చిన్న కోడలు ఉండేది, సుబ్బరత్నమ్మ. మొగుడు నంద్యాలలో గోడౌను చూసుకుంటాడని, నెలకొకసారి వస్తాడని చెప్పేవాళ్లు. ఆ మొగుణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను.

సంతకాలకు ముందు బడి సంగతులు నాలుగు మాట్లాడుకోవాలి, ఏ క్లాసుకు ఎంతవరకు పాఠాలయ్యాయో తెలుసుకోవాలి అన్నాను. మా ఆయనకు అది నచ్చలేదు గానీ శెట్టి ముందు కాదనలేకపోయాడు. నేను ఇల్లు చుట్టి పెరట్లోకి పోయాను. లక్ష్మీకాంతమ్మ అంట్లు తోముతూ ఉంది. పనిమనిషి లేదా అని అడిగితే, ఆదివారం తనకు బడి ఉండదు కదా అని మానిపించారు అంది. అలా అంటూ నవ్వింది. మా ఇద్దరికీ ఆదివారం ఒకటేనని నాకూ నవ్వొచ్చింది. పాఠాల సంగతి మాట్లాడుకున్నాం. ఆళ్లగడ్డ పిల్లలు ఎలాంటివాళ్లో అడిగింది. తర్వాత ఇలా అడిగింది.

"అక్కా, ఆళ్లగడ్డ నీళ్లు మీకు పడినాయా?"

పడ్డాయన్నాను.

"మా అత్త అదే చెప్పి పంపిస్తాంది. ఆడికొస్తే నా కడుపునొప్పి తగ్గిపోతాదని," అంది చేతి మీది బూడిద కడుక్కుంటూ. "నాకు కడుపునొప్పి యాడుందక్కా. మొన్న పెండ్లిలో ఎవరో ఆయమ్మ పట్టుకోని, నొప్పి ఎట్లుంది లక్ష్మీ అని అడిగింది. ఆళ్లగడ్డలో అందరికీ తెలుసంట. నాకే తెల్లేదు."

ఆమె నవ్వుతోంది. నాకు ఆ పెరడు, ఆ బిందెలు, తోమిన చెంబు మీద ఎండ అన్నీ ఒక్కసారిగా దూరంగా జరిగిపోయాయి.

సుబ్బరత్నమ్మ నాతో మాట్లాడింది ఒక్కసారే. వాళ్లత్త గుడికి పోయిన సాయంత్రం, తలుపు పక్క నుంచి బయటికి వచ్చి, కడుపునొప్పికి మిషను ఆసుపత్రిలో మందేమిస్తారని అడిగింది. ఎవరికమ్మా అన్నాను. నాకేనంట, మా అత్త అందరికీ చెప్తాంది, నాకైతే ఏ నొప్పీ లేదు, ఉండి కూడా నాకు తెలియడం లేదేమో అంది. నాకు అర్థం కాలేదు. ఆమెకూ అర్థమైనట్టు లేదు. పెండ్లయి ఐదేండ్లయినా బిడ్డలు లేరని ఆ ఇంట్లో ఆమెను ఏమేం అనేవాళ్లో అరుగు మీదికి వినపడేది కాబట్టి, అదీ అందులో భాగమే అనుకున్నాను. దసరా సెలవులు అయ్యాక ట్యూషనుకు పోతే తలుపు వేసి ఉంది. కడుపునొప్పి తట్టుకోలేక సుబ్బరత్నమ్మ పురుగుమందు తాగి చచ్చిపోయిందన్నారు. వీధంతా అదే అంది. పోలీసులు వచ్చి అడిగినప్పుడూ వీధంతా అదే చెప్పింది, పాపం ఎన్నాళ్ల నుంచో ఆ నొప్పి అని. అందరూ ముందే విని ఉన్నారు కదా. వాళ్లలో అబద్ధం చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

లక్ష్మీకాంతమ్మకు బిడ్డలున్నారా అని అడిగాను. లేరంది.

వరండాలో కాగితాలు పరిచి పెట్టారు. మాధవయ్య తన కలం మూత తీసి నాకు అందించాడు. హెడ్‌మిస్ట్రెస్‌ను ఒక మాట అడిగి పెడతానన్నాను. మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఇంటికొచ్చాక, శెట్టి ముందర నా పరువు తీసినావ్, వచ్చే ఆదివారం నోరు మూసుకొని పెట్టు అన్నాడు. మా అత్త బిడ్డకు అన్నం తినిపిస్తూ వింది.

సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకు పోయేటప్పుడు సలోమి నిద్రలో ఉంటుంది. దాని కాలి వేళ్లు ముట్టుకుని బయలుదేరడమే నాకు తెలిసిన వీడ్కోలు. ఆ పొద్దు బస్సులో కూర్చుని నాతో నేను చాలాసేపు వాదించుకున్నాను. నువ్వు చూశావా, ఎవరైనా చూశారా, అనుమానం ఒక్కటే కదా. ఇద్దరు కోడళ్లకు కడుపునొప్పి రాకూడదా. రాని నొప్పిని వచ్చిందని చెప్పుకునే అత్తలు లోకంలో లేరా. నువ్వు పెట్టకపోతే ఇంకెవరో ఒకరు ఆళ్లగడ్డ నుంచి పెడతారు, ఆమె ఎలాగూ పోతుంది, నీ బిడ్డ మాత్రం నీకు రాకుండా పోతుంది. ఈ మాటల్లో ఒక్కటీ తప్పు కాదు. శిరివెళ్ల దాటాక ఇంకో మాట తట్టింది. నేను నంద్యాలకు రావడమూ ఆమె ఆ ఇంటికి పోవడమూ రెండు సంగతులు కావు, ఒక్కటే సంగతి. ఒకే కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉంటాయి. నేను పొద్దున బిడ్డకు తల దువ్వుతున్న ప్రతిసారీ ఆమె అక్కడ ఆ గుమ్మం వెనకాల ఉంటుంది. ఉంటే.

బుధవారం సెలవు పెట్టి నంద్యాలకు వచ్చాను. ఇంటికి పోలేదు. నేరుగా ఆమె పనిచేసే బడికి పోయాను. చివరి గంట కొట్టి పిల్లలు పోయాక ఖాళీ తరగతి గదిలో బెంచీ మీద కూర్చుని, సుబ్బరత్నమ్మ నాతో అన్నది అన్నట్టుగా చెప్పాను. దానికి నా మాట ఒక్కటీ కలపలేదు. ఆమె చేతిగడియారం కీ తిప్పింది. ఏడవలేదు.

"నొప్పికి తట్టుకోలేక తాగిందని పెండ్లి చూపుల్లోనే చెప్పినారు," అంది. "నొప్పే లేదని ఎవురూ చెప్పలేదు."

తర్వాత నా వైపు తిరిగి, "సంతకం పెడితే మీరు మీ బిడ్డ దగ్గర ఉంటారు కదక్కా" అంది.

"ఉంటాను."

"మరి?"

"పెట్టను."

"మీరు పెట్టకపోతే ఇంకోరిని ఎతుకుతారు."

"ఎతకనీ. ఎవరొచ్చినా నీ సంతకం కూడా కావాల కదా. నువ్వూ పెట్టొద్దు. అంతవరకు కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పు, నాకు ఏ నొప్పీ లేదని. అడిగినా అడక్కపోయినా చెప్పు. ఆయమ్మ ఎంతమందికి చెప్పిందో అంతమందికీ చెప్పు."

ఆమె తల ఊపింది. లేచేటప్పుడు నా చేయి పట్టుకుంది. ఆ ఇంట్లో నాకు గాజు గ్లాసులో కాఫీ ఇచ్చిన చేయి. పట్టుకున్నది మరిచిపోయినట్టు వాకిలి దాకా అలాగే నడిచింది. మేమిద్దరం ఒప్పుకున్నాం. దాన్ని కర్నూలుకు పంపవలసిన పని లేదు.

నేను చెప్పిందంతా ఆమె చేసింది. పాములపాడులో ఉన్న వాళ్లన్న సంజీవయ్యకు కబురు పెట్టింది. అతను వచ్చి చెల్లెల్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు, డాక్టరమ్మ ఏ జబ్బూ లేదంది. ఆ మాటను సంజీవయ్య ఆళ్లగడ్డ బజారులో భాస్కరయ్య అంగడి ముందు నిలబడి నలుగురికీ వినపడేలా చెప్పి, చెల్లెల్ని పుట్టింటికి తీసుకుపోయాడు. ఆమె మళ్లీ ఆ ఇంటికి పోలేదు. ఇప్పటికీ బతికే ఉంది. ఇది రాస్తున్నానని ఆమెకు తెలుసు.

నేను సంతకం పెట్టనని మా ఆయనకు చెప్పినప్పుడు అరుస్తాడనుకున్నాను. చేయి చేసుకుంటాడని కూడా అనుకుని బిడ్డను పక్కింటికి పంపాను. ఆయన నన్ను చూసి, "నీ ఇష్టం రూతూ" అన్నాడు. తిన్న పళ్లెం తానే తీసి పెట్టాడు. పెండ్లయినాక మొదటిసారి. ఆ తర్వాత ప్రతి శనివారమూ అలాగే ఉన్నాడు, మెత్తగా, నవ్వుతూ, బస్టాండుకు ఎదురొచ్చి సంచి అందుకుంటూ. యోబు పొలానికి యూరియా రాలేదు, వరి పోయింది. దాని గురించి కూడా ఒక్క మాట అనలేదు. తన భార్య చెవిన వేసింది నేనేనని తెలిసిందో ఏమో, మాధవయ్య మాత్రం మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఎన్నడూ మా వాడలోకి రాని మనిషి. మా వేపమాను కింద కుర్చీ వేయించుకుని మా ఆయనతో గొంతు తగ్గించి మాట్లాడేవాడు. నేను నీళ్లు తీసుకుపోతే ఇద్దరూ ఆగి నన్ను చూసి నవ్వేవాళ్లు. ఎన్నేళ్లుగానో నేను కోరుకున్న మంచితనం ఇంట్లోకి వచ్చింది.

ఒకరోజు మా హెడ్‌మిస్ట్రెస్ వెంకటలక్ష్మమ్మ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు. మంచి మనిషి. నా చేయి పట్టుకుని కూర్చోబెట్టారు.

"మీ ఆయన వచ్చిపోయినాడు రూతమ్మా. నీకు నరాల జబ్బంట కదా. ఒక్కో తూరి ఏం చేస్తాండావో నీకే తెల్లేదంట. కొంచెం కనిపెట్టుకోని ఉండమన్నాడు, కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. ముందే చెప్పగూడదామ్మా?"

నాకు ఏ జబ్బూ లేదన్నాను. ఆమె నా చేతిని నిమిరారు. అలా అంటావని ఆయన చెప్పే పోయాడన్నారు.

ఆ శనివారం నంద్యాలలో దిగితే, చేతిపంపు దగ్గర పొరుగింటి దేవమ్మ ఆరోగ్యం ఎట్లుందని అడిగింది. ఇంటికి పోతే పొయ్యి వెలిగించి ఉంది. మా ఆయన నాకోసం ఒక మందుసీసా తెచ్చి పెట్టాడు. నరాలకు టానిక్కు అన్నాడు. సీసా మీద చీటీ తడిసి చిరిగిపోయి ఉంది. చెంచాలో పోసి నా నోటి ముందు పట్టాడు. అన్నం తిన్నాక తాగుతానన్నాను.

"ఇప్పుడే తాగు," అన్నాడు మెల్లగా. "నా కండ్ల ముందర తాగు."

సలోమి మా అత్త ఒళ్లోంచి దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. దానికి మందంటే తీపి. "నాకు, నాకు" అంటూ ఆయన మోచేయి పట్టుకుని నోరు తెరిచింది. ఆయన చెంచాను ఎంత ఊపుగా వెనక్కి లాక్కున్నాడంటే మందు గోడ మీద పడింది, బిడ్డ వెల్లకిలా పడి ఏడ్చింది. ఏ తండ్రయినా పెద్దవాళ్ల మందును బిడ్డ నోటికి అందనివ్వడు. అది నిజంగా టానిక్కే అయి ఉండవచ్చు. నాకు ఇప్పటికీ తెలియదు. నేను చూసింది ఆయన ముఖం. నాతోపాటు ఇంకొకరు కూడా చూశారు. మా అత్త మూలన కూర్చుని, తమలపాకుకు సున్నం రాస్తున్న వేలు అలాగే గాల్లో పెట్టుకుని, కొడుకు వైపు చూస్తోంది. ఆయన సీసా మూత బిగించి, రేపు తాగుదువులే అని బయటికి పోయాడు. మా అత్త లేచి గోడ కడిగింది. ఆమె ఇంట్లో గోడ కడగడం నేను అంతకు ముందు చూడలేదు.

మరునాడు ఆదివారం. మా పేట గుడిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు సమయం ఇస్తారు. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు, పోయిన గొడ్డు దొరికినవాళ్లు లేచి చెప్పుకుంటారు, అందరూ ఆమేన్ అంటారు. ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద, మగవాళ్లు కుడివైపు. మా పాస్టరు అయ్యగారు రాజరత్నం గారు ఇంకెవరైనా ఉన్నారా అన్నప్పుడు నేను లేచాను. నేను ఎన్నడూ లేవలేదు. పాఠం చెప్పే గొంతు ఒకటి నాకుంది, దాన్ని ఆ గుడిలో ఎప్పుడూ వాడలేదు.

"నా పేరు రూతు. మీ అందరికీ తెలుసు," అన్నాను. "నాకు నరాల జబ్బుందని మీలో కొందరు విన్నారు. ఎవురు చెప్పినా అది నిజం గాదు. నాకు ఏ జబ్బూ లేదు. కడుపునొప్పి లేదు, తలనొప్పి లేదు. నాకు బతకాలని ఉంది. నా అంతట నేను ఏ మందూ తాగను, ఏ బాయిలో పడను. ఈ సాయంత్రం బస్సుకు నా బిడ్డను తీసుకొని ఆళ్లగడ్డకు పోతాండా, ఇంగ మేమిద్దరం ఆడనే ఉంటాము. రేపు నేను చచ్చిపోయినానని మీకు తెలిస్తే, పాపం జబ్బంట అని అనొద్దండి. ఎట్ల చచ్చిపోయిందని అడగండి. మీరు అడిగితే చాలు. నా సాక్ష్యం ఇంతే."

కూర్చున్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. మగవాళ్ల వైపు ఒకరు దగ్గారు. మా ఆయన ఉన్న వైపు నేను చూడలేదు, అటు చాప మీద ఎవరో లేస్తున్న చప్పుడు మాత్రం వినపడింది. దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలను చూస్తోంది.

నా ముందు వరసలో మా అత్త సువార్తమ్మ కూర్చుని ఉంది. ఆమె ఒడిలో సలోమి నిద్రపోతోంది. ఆమె వెనక్కి తిరిగి, బిడ్డను రెండు చేతులతో ఎత్తి, నా ఒడిలో పడుకోబెట్టింది. దాని గౌను కిందికి సర్దింది. తర్వాత కొడుకున్న వైపు తిరిగి, గుడంతా వినేట్టు, "ఆమేన్" అంది.